పావురం కాలికి కట్టిన జాబు

2012వ సంవత్సరం కార్తికమాసం. సాయంకాలం దీపాలవేళ మా అవ్వ తులసికోట దగ్గర ప్రమిదలో వత్తి సవరించుకొంటూ కూర్చునేది. కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, నేను పక్కన కుర్చీ వేసుకొని ఆనాటి పత్రిక చదివి వినిపించేవాణ్ణి. అవ్వకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. చూపు మందగించిందే గాని చెవుల పదును తగ్గలేదు. రాజకీయాలంటే చేత్తో తోసేసేది. "ఏదన్నా మనుషుల సంగతి ఉంటే చదువు నాయనా" అనేది.

ఆనాడు నేను చదివింది మనుషుల సంగతి కాదు, ఒక పావురం సంగతి.

ఇంగ్లండులో సర్రే అనే జిల్లాలో బ్లెచింగ్లీ అని ఒక పల్లె ఉంది. అక్కడ ఒక గృహస్థు 1982లో తన పాత ఇంటిని బాగు చేసుకొంటూ, ఏనాడో మూసివేసిన పొగగూటిని తెరిచాడు. చితుకులూ చెత్తా పడ్డాయి. వాటితోబాటు పావురం ఎముకలు పడ్డాయి. ఒక కాలి ఎముకకు ఎర్రని చిన్న గొట్టం తగిలించి ఉంది. విప్పి చూస్తే లోపల సిగరెట్టు కాగితమంత పల్చటి కాగితం. దాని మీద "పావురాల సర్వీసు" అని ఇంగ్లీషులో అచ్చు. అచ్చు కింద చేతిరాత. ఐదేసి అక్షరాల చొప్పున ఇరవై ఏడు గుంపులు. మొత్తం నూట ముప్పై ఐదు అక్షరాలు. ఒక్క గుంపైనా నోరు తిరిగే మాట కాదు. మొదటి గుంపు ఏ-ఓ-ఏ-కె-ఎన్. చిట్టచివరి గుంపు కూడా అదే. ఎవరికి అన్న చోట "ఎక్స్-02" అని ఉంది. పంపినవాడు "సార్జంటు డబ్ల్యు. స్టాట్". సార్జంటు అనే మాటను జి అక్షరంతో గాక జె అక్షరంతో, పాతకాలపు పద్ధతిలో కుదించి రాశాడు గనుక ఇతడు విమానదళం వాడు కాడు, పదాతి సైన్యం వాడై ఉంటాడని తెలిసినవారు చెప్పారు.

తేదీ మాత్రం లేదు. చివర 27 అనే అంకె, దాని పక్కన 1525/6 అనీ ఉన్నాయి. ఇరవై ఏడు గుంపుల లెక్క అని తెలుస్తూనే ఉంది. రెండోది పగలు మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు, ఆరో తేదీ అని కొందరి ఊహ. ఆరో తేదీ అనగానే అందరికీ 1944 జూన్ 6 గుర్తుకు వచ్చింది. మిత్రసేనలు ఫ్రాన్సులో నార్మండీ తీరాన దిగిన రోజు అది. సముద్రం మీదుగా ఎగిరివచ్చి, అలసి, ఒక పొగగూటి అంచున వాలి, పొగకు సొమ్మసిల్లి లోపల పడిపోయి ఉంటుందని ఆ పక్షికి కథ కట్టారు.

ఇది నమ్మదగ్గ కథే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వారు సుమారు రెండున్నర లక్షల పావురాలను వాడుకొన్నారు. వైర్‌లెస్సులో మాట్లాడితే శత్రువు వింటాడు. పావురానికి ఆ బాధ లేదు. అయితే ఈ తపాలా రానుపోను బస్సు కాదు. పావురానికి తన గూటికి పోవడం ఒక్కటే తెలుసు. అందుచేత సైనికులు బుట్టల్లో పావురాలను వెంట తీసుకుపోయి, కబురు చెప్పవలసివచ్చినప్పుడు వదిలేవారు. దారిలో డేగలున్నాయి, తుపాకులున్నాయి. అందుకని ఒకే కబురును రెండు పావురాలకు కట్టేవారు. మన సార్జంటు కూడా రెండిటి నంబర్లూ కాగితం మీద వేశాడు. ఒకటి 1940లో పుట్టింది, రెండోది 1937లో. యుద్ధంలో మెప్పు పొందిన జంతువులకు డికిన్ పతకం అని ఒకటి 1943లో పెట్టారు. 1949 దాకా ఇచ్చిన యాభై నాలుగింటిలో ముప్పై రెండు పావురాలకే దక్కాయి. నార్మండీ నుంచి మొదటి కబురు తెచ్చిన గుస్టావ్ అనే పావురం వాటిలో ఒకటి. ఆ పతకాల సంగతి చదివినప్పుడు అవ్వ నవ్వింది. మన నలమహారాజు హంసకు మాత్రం పతకమేదీ దక్కినట్లు శ్రీనాథుడు చెప్పలేదు. పైగా ఆ హంస తెలిసిన భాషలో మాట్లాడింది. చాటున ఎవడు పొంచి విన్నా అర్థమై ఉండేది.

ఈ జాబు అలాంటిది కాదు. ముప్పై ఏళ్ళు పోయాక, 2012 నవంబరులో, గూఢలేఖల్ని చదవడమే వృత్తిగా ఉన్న బ్రిటిష్ ప్రభుత్వ శాఖ జి.సి.హెచ్.క్యూ. ఆ కాగితాన్ని చూసింది. హిట్లరు సైన్యాల గుట్టు విప్పిన వారి వారసులు వీరు. వారు చూసి, తలపంకించి, నాటి సంకేతపుస్తకాలు దొరికితే తప్ప దీన్ని చదవడం సాధ్యం కాదని తేల్చేశారు. జాబును పత్రికల్లో వేసి, చేతనైనవారు ప్రయత్నించండని లోకం మీదికి వదిలారు.

నేను ఇంతవరకు చదివి ఆపాను. అవ్వ కాసేపు దీపం వంక చూస్తూ ఉండి, "ఎవరికి రాసినాడో వాళ్ళు బతికుంటే చదివేవాళ్ళు గదా" అన్నది.

జి.సి.హెచ్.క్యూ. వారు చెప్పినదానికీ అవ్వ చెప్పినదానికీ భేదమేమీ లేదని నాకు తర్వాత తట్టింది.

గూఢలేఖలు మనకు కొత్తవి కావు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం పెట్టి, తెలిసినవారికి తప్ప తెలియకుండా రాయడం ఆ విద్య. మన పిల్లలు ఆడుకొనే క-భాష దానికి చెల్లెలు. "కనీ కపే కరు కఏ కమి కటి" అంటే "నీ పేరు ఏమిటి" అని రెండో తరగతి పిల్లవాడు ఇట్టే చెబుతాడు. సంతలో పశువుల బేరగాళ్ళు తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని ధర మాట్లాడుకోవడం ఇంకో రకం. వీటన్నిటికీ ఒక బలహీనత ఉంది. ఒకే మరుగు మళ్ళీ మళ్ళీ వాడతారు. మళ్ళీ మళ్ళీ వాడిన మరుగు నిలవదు. తొమ్మిదో శతాబ్దంలోనే బాగ్దాదులో అల్ కిందీ అనే పండితుడు దీని గుట్టు రాసి పెట్టాడు. ప్రతి భాషలోనూ కొన్ని అక్షరాలు ఎక్కువగా వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి. మన తెలుగే తీసుకోండి. ఏ వాక్యం చూసినా "లు, ను, కు, డు" అనేవి మాటల తోకలు పట్టుకొని వేలాడుతూనే ఉంటాయి; ఝ కోసం వెతుక్కోవాలి. వాటికి ఎన్ని మారువేషాలు వేసినా లెక్కలో దొరికిపోతాయి. అయితే లెక్క కుదరాలంటే సరుకు కావాలి. పది పేజీలుంటే బడిపిల్లవాడైనా విప్పగలడు. నూట ముప్పై ఐదు అక్షరాల్లో, అందులోనూ మొదలూ చివరా ఒకే గుంపైనప్పుడు, లెక్కకు నిలిచేదేముంది?

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఆ కాలంలో ఒక్కసారి వాడి పారవేసే తాళంచెవులు ఉండేవి. ఏ వరసా లేని అక్షరాలు నింపిన కాగితాల కట్టలు రెండే రెండు అచ్చువేసి, ఒకటి పంపేవాడి దగ్గర, ఒకటి అందుకొనేవాడి దగ్గర ఉంచుతారు. జాబులోని ప్రతి అక్షరానికీ ఆ కాగితంలోని ఒక అక్షరాన్ని కలిపి మార్చేస్తారు. పని కాగానే ఇద్దరూ ఆ కాగితం కాల్చివేస్తారు. ఇట్లా రాసినదాన్ని బయటివాడు విప్పడం అసాధ్యమని క్లాడ్ షానన్ అనే అమెరికా గణితజ్ఞుడు నిరూపించి 1949లో ప్రకటించాడు. కారణం తేలిక. మనకు "కిమతే" అని మూడక్షరాలు చిక్కాయనుకోండి. ఒక తాళంచెవి వేస్తే "రేపురా" అని వస్తుంది. మరొకటి వేస్తే "నేడుపో" అని వస్తుంది. రెండూ చక్కని తెలుగే. ఏది రాసినవాడి మాట, ఏది మన కల్పన? జాబు చెప్పదు. పావురం జాబు సరిగ్గా ఈ పద్ధతిలోనే రాశారనడానికి రుజువు లేదు గాని, ఆ అనుమానం మాత్రం గట్టిగా ఉంది.

ధనుర్మాసం వచ్చింది. తిరుపతిలో తెల్లవారుజామున తిరుప్పావై వినబడే రోజులు. అప్పుడు మరొక వార్త. కెనడాలో ఒక పెద్దమనిషి పావురం జాబును పదిహేడు నిమిషాల్లో చదివేశాడట! ఆయన తాతగారి వరసాయన మొదటి ప్రపంచయుద్ధంలో విమానదళంలో పనిచేశాడు. అప్పటి సంకేతపుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని పక్కన పెట్టుకొని చూస్తే అంతా విడిపోయిందన్నాడు. ప్రతి అక్షరమూ ఒక మాటకు పొడి అక్షరమట. ఏ-ఓ-ఏ-కె-ఎన్ అంటే నార్మండీలో కె అనే భాగాన ఉన్న ఫిరంగిదళపు పరిశీలకుడు అనట. జర్మన్ల ట్యాంకులు ఎక్కడున్నదీ ఆ సార్జంటు తెలియజేస్తున్నాడట.

నాకు మొదట సంతోషమే కలిగింది. పెద్ద పెద్ద నిపుణులను ఒక మామూలు ఇంటాయన ఓడించాడంటే ఎవరికి బాగుండదు? కాని కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చుంటే సంతోషం నిలవలేదు. ఎన్ అంటే నార్మండీ ఎందుకు కావాలి? నార్త్ ఎందుకు కాకూడదు? నోటీసు ఎందుకు కాకూడదు? పొడి అక్షరాలకు మాటలు అతికించుకొంటూ పోతే నా చాకలిపద్దును కూడా యుద్ధవార్తగా చదవవచ్చు. పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. ఒకే పద్యంలో రామకథా భారతకథా రెండూ నడుస్తాయి. అది శ్లేష. వ్యాకరణానికి కట్టుబడి, రెండు అర్థాలే ఇచ్చి, మూడోది ఇవ్వకుండా ఉండడంలో ఉంది సూరన గొప్పతనం. ఈ కెనడా పద్ధతి వెయ్యి అర్థాలు ఇస్తుంది. వెయ్యి అర్థాలున్న జాబు అర్థం లేని జాబుతో సమానం. జి.సి.హెచ్.క్యూ. వారు కూడా మర్యాదగానే, మాకు నమ్మకం కుదరలేదన్నారు. ఆ తర్వాతనూ కంప్యూటర్లతో కుస్తీపట్టినవారున్నారు. అందరూ ఔనని ఒప్పుకొన్న పాఠం ఇంతవరకు రాలేదు.

మరి తాళంచెవి లేకుండా తాళం తీసినవారే లేరా అంటే ఉన్నారు. ఆ కథ మన తీరానికి తగిలిన కథ.

జపాను నౌకాదళం వాడిన సంకేతంలో ప్రతి మాటకూ ఐదంకెల సంఖ్య ఒకటి ఉండేది. ఆ సంఖ్యకు మరొక పుస్తకంలోని ఐదంకెల సంఖ్యను కలిపి పంపేవారు. అంటే రెండు తాళాలు. 1939లోనే జాన్ టిల్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి దీని కట్టుబాటును పసిగట్టాడు. జపానువారు ఒక జాగ్రత్త పడ్డారు. మాటల సంఖ్యలన్నీ మూడుతో శేషం లేకుండా భాగించబడేటట్లు పెట్టారు. దారిలో అంకె చెడిపోతే అందుకొన్నవాడు కనిపెట్టడానికి ఆ ఏర్పాటు. వారి కొంప ముంచినది ఆ జాగ్రత్తే. పైతాళం సరిగ్గా ఊడిందా లేదా అని శత్రువు కూడా మూడుతో భాగించి చూసుకొనేవాడు! పైగా రోజూ వందల సందేశాలు అదే పుస్తకంతో గాలిలోకి పోయేవి. సరుకుకు కొదవ లేదు.

సింగపూరు పడిపోకముందే, 1942 జనవరిలో, అక్కడి బ్రిటిష్ గూఢలిపి శాఖ కొలంబోకు మకాం మార్చి ఒక కళాశాల భవనంలో దిగింది. మార్చి నెలాఖరుకు వారు చదివిన ముక్కలను బట్టి, జపాను విమానవాహక నౌకలు ఏప్రిల్ 1 ప్రాంతంలో సింహళం మీదికి రానున్నాయని తేలింది. అడ్మిరల్ సోమర్‌విల్ నౌకలన్నీ కూడదీసుకొని దక్షిణాన కాపు కాశాడు. ఒకటో తేదీ పోయింది, రెండో తేదీ పోయింది, ఎవరూ రాలేదు. చమురూ నీళ్ళూ అయిపోవచ్చాయి. ఆయన మాల్దీవుల వైపు మళ్ళాడు. చదవడంలో తప్పు లేదు. జపానువారే ముహూర్తం వెనక్కు జరుపుకొన్నారు. ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. మరునాడు, ఏప్రిల్ 6న, ఒజావా అనే మరో జపాను సేనాని నౌకల మీది నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బంగాళాఖాతంలో ఆ రోజుల్లో మునిగిన వర్తక నౌకలు ఇరవై దాకా ఉంటాయి.

ఆ తర్వాత రెండు నెలలకే అదే సంకేతం జపానును ముంచింది. సందేశాల్లో "ఏ-ఎఫ్" అని ఒక చోటు పేరు వస్తున్నది. అది మిడ్‌వే దీవి కావచ్చునని అమెరికావారి అనుమానం. ఏం చేశారు? మిడ్‌వేలో మంచినీళ్ళ యంత్రం చెడిపోయిందని మామూలు భాషలో ఒక అబద్ధపు కబురు పంపించారు. రెండు రోజుల్లో జపాను సందేశం చిక్కింది: ఏ-ఎఫ్‌లో నీళ్ళకు ఇబ్బందిగా ఉందని! శత్రువు చేతనే జవాబు చెప్పించారు. పావురాన్ని మళ్ళీ అడగడం కుదరదు. దాని దగ్గర ఉన్నది ఒక్క జాబే. అడగవలసినవాళ్ళూ లేరు.

విశాఖ మీద బాంబులు పడ్డప్పుడు అవ్వకు ఎనిమిదేళ్ళు. వాళ్ళది పాకాల దగ్గర పల్లె. మద్రాసు ఖాళీ అయిపోతున్నదని, రేణిగుంట రైళ్ళలో మనుషులు పెట్టెల మీద పెట్టెలు పెట్టుకొని వస్తున్నారని పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నది. ఆ మరుసటి సంవత్సరం అవ్వ పెద్దన్న పట్టాళంలో చేరాడు. మోటారు తోలడం నేర్చి ఉండడంతో లారీల దళంలో తీసుకొన్నారు. 1944 చివరలో ఆయన పోయినట్లు తంతి వచ్చింది. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. దాని గురించి ఎవరూ మాట్లాడరని కూడా తెలుసు.

నవంబరులో ఆ పావురం వార్త చదివిన మరునాడు అవ్వ తన ట్రంకుపెట్టె తెరవమన్నది. పెళ్ళినాటి చీర మడతలో ఒక కార్డు. తెలుగులో, పెన్సిలు రాత. చాలావరకు చెరిగిపోయినా చదవడానికి వీలవుతున్నది. ఎక్కడి నుంచి రాసినదీ లేదు. సైనికుల ఉత్తరాల్లో ఊరిపేరు ఉండకూడదు, ఉంటే సెన్సారువారు కొట్టివేసేవారు. ఇంతే ఉన్నది:

"అమ్మకు నమస్కారాలు. నేను క్షేమం. దొడ్లో నిమ్మచెట్టు కాపు ఎట్లా ఉంది? ఎర్రావు ఈనిందా? చెల్లెలు బాగా చదువుకోవలెను."

"ఇందులో ఏముంది అవ్వా?" అన్నాను.

"మా దొడ్లో నిమ్మచెట్టు ఎప్పుడుండింది నాయనా? ఆవు ఉండింది గాని అది నల్లావు" అన్నది అవ్వ.

పోయేముందు రాత్రి ఆయన తల్లిని దొడ్లోకి పిలుచుకుపోయి చాలాసేపు ఏదో చెప్పాడట. ఆ తల్లికి చదువు రాదు. ఉత్తరం వస్తే పదేళ్ళ అవ్వే చదివి వినిపించాలి. నిమ్మచెట్టు అంటే తమ దళాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మారుస్తున్నారని అర్థమని తల్లి తర్వాత ఎప్పుడో నోరు జారింది. ఎర్రావు సంగతి మాత్రం చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా "నీకెందుకు, పోయి పడుకో" అనేది. ఆమె 1961లో కాలం చేసింది.

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. తాళపత్ర ప్రతుల్లో చిల్లు పడ్డ పద్యాలను పూరించడం కొంత తెలుసు. ఒక నెల రోజులు ఆ కార్డుతో గడిపాను. మిగతా ఉత్తరాలు ఉంటే ఏ ఉత్తరంలో ఎర్రావు వచ్చిందో, ఏ ఉత్తరంలో రాలేదో పోల్చి చూడవచ్చు. అవి చెదలు పట్టి పోయాయి. ఉన్నది ఒక్కటే. 1944లో ఇంఫాలు, కోహిమా పోరాటాలు జరిగాయి. లారీల దళాలు ఆ కొండదారుల్లో సామాను మోశాయి. ఎర్రావు అంటే బర్మా సరిహద్దు, "ఈనిందా" అంటే యుద్ధంలోకి దింపుతున్నారు అని నేనొక అర్థం చెప్పాను. కెనడా పెద్దమనిషి వార్త చదివిన సాయంకాలమే ఈ మాట చెప్పడం నా పొరపాటు.

"నువ్వూ ఆయన మాదిరే ఉండావే" అన్నది అవ్వ.

నేను నోరు మూసుకొన్నాను. కార్డు ఆమె చేతికే ఇచ్చేశాను. ఆమె దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అన్న పోయిన కాడినుంచి మాయమ్మ ఒంటిపూట తినేది. అది కూడా గంజే" అన్నది కాసేపటికి. "ఆ పొద్దు నేను ఈ కార్డు చదివితే, ఎర్రావు కాడ ఆపి, మళ్ళా చదవమనింది. మూడుసార్లు చదివించుకొనింది. లేచి దొడ్లోకి పోయి శానాసేపు నిలబడింది. నేను భయపడి గడపలోనే కూర్చున్నా. ఆ తరువాత వచ్చి, పొయ్యి రాజేసి, అన్నం వండింది నాయనా. ఇద్దరికీ పెట్టుకొచ్చి, నా పక్కన కూర్చొని కడుపునిండా తినింది."